లాగ్ షీటు నుండి డాక్టరేటు దాకా

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒడిశా సరిహద్దు జిల్లాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదువుతున్నవారివీ, పిల్లల చేత చదివిస్తున్నవారివీ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కళాశాలలో ఇంగ్లీషుగా సాగిన చదువే నాదీ కనుక ఈసారి శీర్షిక మొత్తం వారికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: బి.టెక్. ఎలక్ట్రికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వేసవిలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అని కళాశాలలో చెప్పారు. డబ్బు కడితే వారం రోజుల్లో ఆన్‌లైనులో సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు ఉన్నాయి. మా తరగతిలో సగం మంది ఆ దారే పట్టారు. మా నాన్నగారు లైన్‌మన్. తాము పనిచేసే సబ్‌స్టేషనులో నేర్చుకొమ్మంటున్నారు. పల్లెటూరి సబ్‌స్టేషను పేరు చూసి ఎవరు ఉద్యోగం ఇస్తారని స్నేహితురాళ్ళు నవ్వుతున్నారు. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో నెలకు 5,000 రూపాయలు ఇస్తారట, దానికి దరఖాస్తు పెట్టవచ్చా? — ఒక విద్యార్థిని, గుణుపురం

జవాబు: చివరి సందేహం ముందు తీర్చేస్తాను. 2024లో మొదలైనప్పుడు ఆ పథకాన్ని 21 నుండి 24 ఏళ్ళ మధ్య ఉండి, పూర్తికాల చదువులో గాని పూర్తికాల ఉద్యోగంలో గాని లేనివారికి, పన్నెండు నెలలు సాగేలా ఉద్దేశించారు. కనుక మీకు ఇప్పుడు వర్తించదు. అలాగే 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద కంపెనీలు ఇచ్చే ఏడాది శిక్షణ డిగ్రీ చేతికి వచ్చాక చూసుకోవలసినది. ఈ మూడూ వేరు వేరని తెలియక చాలామంది ఒక దరఖాస్తు పెట్టి, మరొక దాని కోసం ఎదురుచూస్తుంటారు.

ఇక అసలు విషయం. మీ నాన్నగారి మాటే సరైనది. అయితే ఆయన అక్కడ పనిచేస్తున్నారు గనుక నేరుగా వెళ్ళి కూర్చోవచ్చు అనుకోకండి. మీ కళాశాల శిక్షణ విభాగం నుండి, మీ ప్రాంతానికి కరెంటు పంపిణీ చేసే టాటా పవర్ సదరన్ ఒడిశా సంస్థ డివిజన్ కార్యాలయానికి ఉత్తరం వెళ్ళాలి, రాతపూర్వకంగా అనుమతి రావాలి, హెల్మెట్టూ భద్రతా బూట్లూ ఉండాలి. ఏ పనికైనా ముందు ఎల్.సి. (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకొని, లైను చచ్చిందని పరీక్షించి, ఎర్తు వేశాకే చెయ్యి పెడతారని మీరు చిన్నప్పటి నుండి ఇంట్లో వింటూనే ఉండి ఉంటారు. విద్యార్థిగా మీ పని చూడటం, రాసుకోవడం మాత్రమే. యార్డు లోపలికి ఒంటరిగా ఒక్క అడుగు కూడా వేయవద్దు.

మొదటి రోజు పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ముందు నిలబడి నేమ్ ప్లేటు మొత్తం నోటుపుస్తకంలోకి ఎక్కించండి. ఉదాహరణకు 5 ఎం.వి.ఎ., 33/11 కె.వి., వెక్టర్ గ్రూపు డి.వై.ఎన్. 11, ఇంపిడెన్సు (కరెంటుకు కలిగే అడ్డు) 7.15 శాతం అని ఉందనుకుందాం. పుస్తకంలో ఇవి నాలుగు మార్కుల ప్రశ్న. ఇక్కడ కాగితం తీసి లెక్క కడితే 11 కె.వి. వైపు పూర్తి లోడు దగ్గర 262 ఆంపియర్లు పారుతుందని తేలుతుంది, 5ను 0.0715తో భాగిస్తే, పైనున్న 33 కె.వి. వైపు ఇంపిడెన్సును లెక్కలోకి తీసుకోకుండా, 11 కె.వి. బస్సు (లైన్లన్నీ వచ్చి కలిసే కడ్డీ) మీద షార్ట్ సర్క్యూట్ అయితే సుమారు 70 ఎం.వి.ఎ., అంటే 3,670 ఆంపియర్ల దాకా విరుచుకుపడవచ్చని తెలుస్తుంది. ఆ తరువాత బ్రేకరు మీద రాసి ఉన్న అంకెను చూస్తే, అది ఎందుకు అంత పెద్దదో ఒకరు చెప్పనవసరం లేదు. బ్రీదరులోని సిలికా జెల్ నీలం రంగులో ఉందా, చెమ్మ పట్టి గులాబీకి తిరిగిందా, ట్రాన్స్‌ఫార్మర్ లోపలి లోపాన్ని పసిగట్టే బుక్‌హోల్జ్ రిలే ఏ వైపుకు వాలి ఉంది, న్యూట్రల్‌ను నేలలోకి ఎన్ని దారుల్లో దించారు, ఇవన్నీ చూసి గీసుకోండి.

అయితే అక్కడ అన్నిటికన్నా విలువైన వస్తువు ట్రాన్స్‌ఫార్మర్ కాదు, ఆపరేటరు బల్ల మీది లాగ్ షీటు. గంట గంటకూ ఒక్కో ఫీడరు (సబ్‌స్టేషను నుండి ఊళ్ళకు వెళ్ళే లైను) వోల్టేజీ, ఆంపియర్లు అందులో రాస్తారు. నెల రోజుల షీట్లు చూడటానికి అనుమతి అడగండి. 720 గంటల అంకెలను కంప్యూటరులోకి ఎక్కించి గీత గీస్తే మీ ఊరి దినచర్య కనబడుతుంది: తెల్లవారుజామున మోటార్లు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం ఏడు గంటల శిఖరం. సగటును శిఖరంతో భాగిస్తే లోడ్ ఫ్యాక్టరు. ఇంకొకటి కూడా కనబడుతుంది. రాత్రి రెండు, మూడు, నాలుగు గంటల అంకెలు చాలా రోజుల్లో అచ్చుగుద్దినట్టు ఒకటే ఉంటాయి. ఆ అంకెలలో కరెంటు కన్నా నిద్ర ఎక్కువ. ఆపరేటరును తప్పుపట్టకండి, రాత్రంతా ఒక్కడే మెలకువగా ఉండవలసిన మనిషి. కాని ఏ అంకెను నమ్మాలి, నమ్మలేని అంకెను పక్కనున్న మీటర్ల సాయంతో ఎలా సరిదిద్దాలి అని మీరు ఆలోచించడం మొదలుపెడితే, విద్యుత్ వ్యవస్థల శాస్త్రంలో స్టేట్ ఎస్టిమేషన్ అనే అధ్యాయంలోకి అడుగుపెట్టినట్టే. వారం రోజుల సర్టిఫికెట్ కొన్న మీ తరగతివారికి ఈ ప్రశ్న పుట్టే అవకాశమే లేదు.

ప్రశ్న: ఐ.ఐ.టి.లో వేసవి పరిశోధన ఇంటర్న్‌షిప్ కోసం అరవై మంది ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టాను. ఒక్కరూ జవాబు ఇవ్వలేదు. మాది పేరున్న కళాశాల కాకపోవడమే కారణమా? — ఒక బి.టెక్. విద్యార్థి, జయపురం

జవాబు: మీరు జతపరచిన మెయిల్ చదివాను. ‘ఐ యామ్ వెరీ మచ్ ఇంట్రెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ రీసెర్చ్’ అని మొదలైంది. ఆ రీసెర్చ్ ఏమిటో చివరి వరకూ రాలేదు. కింద మీ పదో తరగతి మార్కులు, చదరంగం బహుమతి ఉన్నాయి. ఈ ఉత్తరాన్ని అరవై మందికే కాదు, ఆరు వందల మందికి పంపవచ్చు. అందులోనే ఉంది తంటా. జనవరి వచ్చిందంటే అటువంటివి రోజుకు పదుల కొద్దీ వచ్చి పడతాయి. పేరున్న కళాశాలల పిల్లలు రాసేవీ చాలా వరకు ఇలాగే ఉంటాయి కనుక ఆ దిగులు అక్కర లేదు.

ముందుగా దారులు రెండని గుర్తించండి. ఒకటి, నోటిఫికేషను ఇచ్చి అందరి నుండి దరఖాస్తులు తీసుకొనే పద్ధతి: మద్రాసు ఐ.ఐ.టి. వేసవి ఫెలోషిప్, హైదరాబాదు ఐ.ఐ.టి. ష్యూర్, కాన్పూరు సర్జ్, గాంధీనగర్ వారి ఎస్.ఆర్.ఐ.పి. వంటివి. మూడు జాతీయ విజ్ఞాన అకాడమీలు కలిసి నడిపే వేసవి పరిశోధన ఫెలోషిప్ ఇంజనీరింగ్ విద్యార్థులకూ వర్తిస్తుంది, రెండు నెలలు ఉంటుంది. దాని గడువు సాధారణంగా ముందటి ఏడాది నవంబరులోనే ముగుస్తుంది గనుక సంక్రాంతి తరువాత గుర్తుకు వస్తే లాభం లేదు. రెండో దారి నేరుగా ఒక ప్రొఫెసరుకు రాయడం. అరవై మందికి కాదు, అయిదుగురికి రాయండి. రాయడానికి ముందు ఒక్కొక్కరిదీ ఒక్క పరిశోధన పత్రం, అర్థమైనంత వరకు, చదవండి.

వారితో మాట్లాడటానికి మీ చేతిలో ఏదైనా ఉండాలి కదా. మీకు పంపిణీ వ్యవస్థలంటే ఇష్టమని రాశారు. అయితే ఒక పని చేయండి. బారన్, వూ అనే ఇద్దరు 1989లో ప్రచురించిన 33 బస్సుల (లైన్లు కలిసే బిందువుల) పరీక్షా వ్యవస్థ ఈ రంగంలో అందరూ వాడేదే: 12.66 కె.వి. లైను, మొత్తం లోడు 3,715 కిలోవాట్లు, 2,300 కిలోవార్లు (రియాక్టివ్ విద్యుత్తు కొలత). దాని లైన్ల వివరాలు సులువుగా దొరుకుతాయి. దానికి లోడ్ ఫ్లో ప్రోగ్రాము, అంటే ఏ బస్సు దగ్గర ఎంత వోల్టేజీ ఉంటుందో లెక్కకట్టేది, మీరే రాయండి. మీ క్లాసులో చెప్పిన ఫాస్ట్ డీకపుల్డ్ పద్ధతిని ఇక్కడ ప్రయోగిస్తే మొరాయిస్తుంది, ఎందుకంటే పంపిణీ లైన్లలో రియాక్టెన్సుతో పోలిస్తే నిరోధం ఎక్కువ. కొస నుండి మొదలు దాకా కరెంట్లు కూడుకుంటూ వచ్చి, మళ్ళీ మొదటి నుండి కొస దాకా వోల్టేజీలు దించుకుంటూ వెళ్ళే పద్ధతి ఇక్కడ బాగా నడుస్తుంది. మాట్‌ల్యాబ్ కొననవసరం లేదు; ఆక్టేవ్, పైథాన్, ఓపెన్ డి.ఎస్.ఎస్. ఉచితమే. మీ జవాబులో నష్టం సుమారు 202.7 కిలోవాట్లు, 18వ బస్సు దగ్గర వోల్టేజీ 0.913 పెర్ యూనిట్ (ఉండవలసిన వోల్టేజీని 1 అనుకుంటే) వచ్చాయంటే ప్రోగ్రాము సరైనది. 11 కె.వి. లైన్లలో 6 శాతం పైకి, 9 శాతం కిందికి అని మనం చదువుకున్న హద్దుతో ఆ 0.913ను పోల్చి చూడండి. గట్టు మీద నిలబడ్డ వోల్టేజీ అది. అక్కడ కెపాసిటరు పెడితే ఏమవుతుంది, మధ్యాహ్నం సౌర విద్యుత్తు వచ్చి కలిస్తే ఏమవుతుంది అని రెండు గీతలు గీసి, ఒక పేజీలో పెట్టండి.

ఇప్పుడు మెయిల్ ఆరేడు వాక్యాలకు మించదు: మీ ఫలానా పత్రం చదివాను, ఫలానా చోట ఈ సందేహం వచ్చింది, ఈ చిన్న పని చేశాను, ఒక పేజీ జతపరిచాను, మే, జూన్ నెలల్లో రాగలను. పది రోజులకు ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ జవాబు రాకపోతే నొచ్చుకోకుండా రెండో వారికి రాయండి. కెనడాలో పన్నెండు వారాల మిటాక్స్ గ్లోబలింక్ ఇంటర్న్‌షిప్ వంటివాటికి కూడా ఇదే పేజీ పనికివస్తుంది.

ప్రశ్న: పర్లాకిమిడిలో మాకు చిన్న కిరాణా దుకాణం. మా అబ్బాయి ఈ ఏడాది బి.టెక్. పూర్తిచేస్తాడు, మార్కులు బాగానే వస్తున్నాయి. ఉద్యోగం వద్దు, పిహెచ్.డి. చేస్తానంటున్నాడు. ఎం.టెక్. లేకుండా అది కుదురుతుందా? ఎన్నేళ్ళు పడుతుంది, మేము ఎంత పెట్టుకోవాలి? వాడి చెల్లెలి పెళ్ళి కూడా చూడాలి. — ఒక తండ్రి

జవాబు: అయ్యా, కుదురుతుంది. యు.జి.సి. 2022 నవంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం గాని, దానికి సమానమైన గ్రేడు గాని ఉన్నవారు నేరుగా పిహెచ్.డి.కి అర్హులు, రిజర్వేషను వర్గాలకు, ఆర్థికంగా వెనుకబడినవారికి, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంది. ఐ.ఐ.టి.లకు సొంత నియమాలున్నాయి. మీ అబ్బాయి చదివినటువంటి కళాశాలల నుండి వచ్చేవారిని అవి సాధారణంగా గేట్ స్కోరు అడుగుతాయి. గేట్ మూడు గంటల పరీక్ష, 65 ప్రశ్నలు, 100 మార్కులు, స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది.

నిబంధనల్లో కనిష్ఠం మూడేళ్ళు, గరిష్ఠం ఆరేళ్ళు, ఆపైన మళ్ళీ నమోదు చేసుకుంటే మరో రెండేళ్ళు. బి.టెక్. నుండి నేరుగా వెళ్ళినవాడికి అయిదేళ్ళు పడుతుందని ఇంట్లో లెక్కవేసుకోండి. మూడేళ్ళలో వచ్చేస్తానని అబ్బాయి చెబితే నమ్మవద్దు, అది ఆశ మాత్రమే.

మీరు పెట్టుకోవలసింది ఏమీ ఉండకూడదు. ఐ.ఐ.టి., ఎన్.ఐ.టి. వంటి కేంద్ర సంస్థలలో పూర్తికాల ఫెలోషిప్పుతో సీటు వస్తే 2023 జనవరి నుండి అమలులో ఉన్న రేటు ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తరువాత 42,000 రూపాయలు. ప్రధానమంత్రి పరిశోధనా ఫెలోషిప్ 2018లో మొదలైనప్పుడు నెలకు 70,000తో ప్రారంభించి 80,000 దాకా నిర్ణయించారు. దానికి పోటీ గట్టిగా ఉంటుంది. ఫెలోషిప్ లేకుండా, ఫీజు కట్టి పూర్తికాల పిహెచ్.డి.లో చేర్చుకొంటామని ఎవరైనా పిలిస్తే మీ వంటి కుటుంబం ఆ గుమ్మం తొక్కకపోవడమే మేలని నా అభిప్రాయం. మరొక్క మాట, ఫెలోషిప్ ప్రతి నెలా ఒకటో తేదీన పడుతుందని అనుకోకండి. నేను పరిశోధన చేసిన విశ్వవిద్యాలయంలో ఒకసారి ఏడు నెలల డబ్బు ఒకేసారి ఇచ్చారు. ఆ ఏడు నెలలూ నాకు అన్నం పెట్టింది విశ్వవిద్యాలయం కాదు, మెస్సు యజమాని ఖాతా పుస్తకం. మీ అబ్బాయి పేరు మీద మూడు, నాలుగు నెలల ఖర్చు విడిగా ఉంచండి.

చెల్లెలి పెళ్ళి విషయం అబ్బాయితో ఇప్పుడే విడమరచి మాట్లాడండి. 37,000లో హాస్టలు, తిండి పోను కొంత మిగులుతుంది గాని, ఇల్లు గడపడానికి అది ఆధారం కాదు. నెలకు ఎంత పంపగలడో వాడి నోటితోనే చెప్పించుకోండి.

ప్రశ్న: రాయగడ దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో తొమ్మిదేళ్ళుగా అసిస్టెంట్ ప్రొఫెసరును. ఇద్దరు పిల్లలు. ప్రమోషనుకు డాక్టరేటు అడుగుతున్నారు. టాపిక్ నుండి థీసిస్ దాకా, పత్రాల ప్రచురణతో సహా, అంతా తామే చూసుకుంటామని ఒక ఏజెంటు ఫోను చేస్తున్నాడు. నా పరిస్థితిలో వేరే మార్గం ఏముంది? — ఒక అధ్యాపకురాలు

జవాబు: అమ్మా, ఆ ఫోను నంబరు బ్లాక్ చేసి ఈ కింది పేరాలు చదవండి. మీ క్లాసులో రికార్డు పుస్తకం కాపీ కొట్టినవాడిని మీరు నిలబెడతారు కదా, రేపు వైవాలో మిమ్మల్ని అలా ఎవరూ నిలబెట్టకూడదు. 2018 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం 10 శాతం దాటిన పోలిక మీద చర్య మొదలవుతుంది, డిగ్రీ చేతికి వచ్చాక బయటపడినా వదలరు.

పార్ట్ టైమ్ పిహెచ్.డి.కి 2022 నిబంధనలు అనుమతిస్తున్నాయి. మీ యాజమాన్యం నుండి నిరభ్యంతర పత్రం కావాలి, కనీసం 12 క్రెడిట్ల కోర్సు వర్కు పూర్తిచేయాలి. మహిళలకు గరిష్ఠ గడువు మీద అదనంగా రెండేళ్ళు, మొత్తం కాలంలో 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇవ్వవచ్చు. థీసిస్ సమర్పించే ముందు ప్రచురణ తప్పనిసరి అనే షరతును యు.జి.సి. తీసివేసింది, అయితే చాలా విశ్వవిద్యాలయాలు తమ సొంత నియమంగా దాన్ని ఉంచుకున్నాయి గనుక చేరేముందే ఆర్డినెన్సు (పిహెచ్.డి. నియమావళి) కాపీ అడిగి చదవండి. ఆమోదించిన పరిశోధన పత్రికల పట్టిక అయిన కేర్ జాబితాను 2025లో యు.జి.సి. ఆపేసింది, ఇప్పుడు ఏది మంచి పత్రిక అన్న నిర్ణయం సంస్థలదీ, మీదీ. వారంలో ప్రచురిస్తాం, ఫీజు ముందే కట్టండి అన్నది మాత్రం పత్రిక కాదు, దుకాణం.

గైడు ఎంపికలో మొహమాటం వద్దు. ప్రొఫెసరు ఎనిమిది మందికి, అసోసియేట్ ఆరుగురికి, అసిస్టెంట్ నలుగురికి మించి ఒకేసారి మార్గదర్శకత్వం వహించకూడదు. పదవీ విరమణకు మూడేళ్ళ లోపు ఉన్నవారు కొత్తవారిని తీసుకోకూడదు. శోధ్‌గంగ అనే ఆన్‌లైను థీసిసుల భాండాగారంలో ఆయన పాత విద్యార్థుల థీసిసులు ఉంటాయి. రెండు దించుకొని మూడో అధ్యాయం చదవండి. రెండింటిలోనూ ఒకే మూడో అధ్యాయం కనిపిస్తే తలుపు మెల్లగా మూసి వచ్చేయండి.

అంశం కోసం మీరు ఎక్కడికో పోనవసరం లేదు. మీ చుట్టూ జేకేపూర్ కాగితపు మిల్లు, తెరుబలి ఫెర్రో అల్లాయ్ కర్మాగారం, కాస్త దూరంలో దమన్‌జోడి నాల్కో ఉన్నాయి. కాగితపు మిల్లు అంటే రాత్రింబగళ్ళు తిరిగే ఇండక్షన్ మోటార్లు. లోపల తిరిగే రోటారు కడ్డీ ఒకటి విరిగితే మోటారు ఆగిపోదు, మెల్లగా చెడుతుంది. కాని తిరగని భాగమైన స్టేటారు కరెంటులో 50 హెర్ట్జ్ పక్కన, స్లిప్పుకు (రోటారు వేగంలో వెనుకబడే శాతానికి) రెండింతల దూరంలో రెండు చిన్న శిఖరాలు లేస్తాయి; స్లిప్పు 2 శాతమైతే 48 దగ్గర ఒకటి, 52 దగ్గర ఒకటి. దీనికి మోటారు విప్పనవసరం లేదు, ఒక క్లాంపు, ఒక డేటా సేకరణ కార్డు, కంప్యూటరు చాలు. మీ కళాశాల ప్రయోగశాలలో పాత మోటారు రోటారుకు రంధ్రం వేసి ఆ శిఖరాలను ముందు అక్కడే పట్టుకోండి. లోడు తగ్గితే స్లిప్పు తగ్గి ఆ రెండూ 50 పక్కకు జరిగి దాక్కుంటాయి. అసలు కష్టం అక్కడే, పరిశోధన కూడా అక్కడే. సాయంత్రం పిల్లలు పడుకున్నాక రెండు గంటలు, ఆదివారాలు ప్రయోగశాలలో ఒక పూట దొరికితే అయిదారేళ్ళలో పూర్తిచేయగలిగిన పని ఇది.

ప్రశ్న: ఎం.టెక్. పవర్ సిస్టమ్స్ చేస్తున్నాను, పిహెచ్.డి.లో చేరబోతున్నాను. కృత్రిమ మేధ, స్మార్ట్ గ్రిడ్, ఎలక్ట్రిక్ వాహనాలు, వీటిలో ఏ టాపిక్ తీసుకుంటే భవిష్యత్తు ఉంటుంది? — ఒక విద్యార్థి, బరంపురం

జవాబు: మీరు చెప్పిన మూడూ టాపిక్కులు కావు, సంతలో వీధుల పేర్లు. ఏ వీధిలో ఏ కొట్టుకు, ఏ సరుకు కోసం వెళుతున్నారో అది టాపిక్కు. కృత్రిమ మేధ ఒక పనిముట్టు. దానికి పెట్టే మేత డేటా. పైన గుణుపురం అమ్మాయికి చెప్పిన లాగ్ షీటును, ఆపరేటరు నిద్రతో సహా, యంత్రానికి తినిపిస్తే అది ఆ నిద్రనే నేర్చుకుంటుంది.

మీ ఇంటి నుండి బయలుదేరి చూడండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంజాం, గజపతి జిల్లాలలో స్తంభాలు వరుసగా ఒరిగాయి. అంతకు ముందు 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్. కూలిన ఫీడరును ఏ క్రమంలో నిలబెడితే ఆసుపత్రికి, నీటి పంపుకు ముందుగా కరెంటు చేరుతుంది? ఉన్న సిబ్బంది, ఉన్న స్తంభాలు, తెగిన రోడ్లు కలిపి చూస్తే అది గణితపరంగా గట్టి ఆప్టిమైజేషన్ సమస్య. కొండ మీది ఊరికి చిన్న సౌర కేంద్రం, బ్యాటరీ ఉంటే లైను వచ్చే దాకా ద్వీపంలా నడిపించవచ్చా, అప్పుడు ఫాల్టు కరెంటు తగ్గిపోతే రిలేలు (లోపాన్ని పసిగట్టి లైను ఆపించే పరికరాలు) గుర్తించగలవా అన్నది మరో సమస్య. ప్రపంచమంతా దీన్ని రెసిలియెన్స్ (దెబ్బతిన్నా తేరుకొనే శక్తి) అంటూ చదువుతోంది. మీకు దాని రుచి బాగా తెలుసు, వారం రోజులు లాంతరు వెలిగించి ఉంటారు.

పెద్ద గ్రిడ్ మీద ఆసక్తి ఉంటే జయపురం నుండి గాజువాక వెళ్ళే 400 కె.వి. లైను చూడండి. తూర్పు గ్రిడ్, దక్షిణ గ్రిడ్ ఒకదానితో ఒకటి అడుగు కలపని రోజుల్లో, రెండింటి ఫ్రీక్వెన్సీలూ వేరుగా ఉన్నా విద్యుత్తును దాటించడానికి గాజువాకలో ఏ.సి.ని డి.సి.గా మార్చి, అదే ఆవరణలో మళ్ళీ ఏ.సి.గా మార్చే బ్యాక్ టు బ్యాక్ కేంద్రం పెట్టారు. 500 మెగావాట్ల మొదటి భాగం 1999లో, రెండోది 2005లో వచ్చాయి. అటు చంద్రపూర్ వైపు తెలుగువారికి భద్రావతి కేంద్రం ఇటువంటిదే, అది పడమర గ్రిడ్‌నూ దక్షిణ గ్రిడ్‌నూ కలిపింది. 2013 డిసెంబరు 31న రాయచూరు, సోలాపూర్ మధ్య 765 కె.వి. లైనుతో దక్షిణం మిగతా దేశంతో ఒకే లయలోకి వచ్చింది. సోలాపూర్ అంటే మన పద్మశాలీలు మగ్గాలు నడిపిన ఊరు, ఆ సంగతి నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. మరి గ్రిడ్లు కలిసిపోయాక ఆ పాత కన్వర్టర్లతో పనేమిటి? ప్రవాహాన్ని కోరినంత, కోరిన దిశలో పంపడం. థైరిస్టర్లు అనే ఎలక్ట్రానిక్ స్విచ్చులతో నడిచే ఈ కన్వర్టర్లు పంపే మెగావాట్లలో సగానికి పైగా మెగావార్లను మింగుతాయి. బలహీనమైన గ్రిడ్‌లో అది వోల్టేజీని కుదిపేస్తుంది. పాత కన్వర్టర్లు, కొత్త సౌర ఇన్వర్టర్లు ఒకే ప్రాంతంలో ఉన్నప్పుడు ఒకదాని నియంత్రణ మరొకదాని కాలు తొక్కకుండా చూడటం ఇంకా తెమలని సమస్య.

నా సొంత అంశం ఎలా దొరికిందో చెబుతాను. విద్యార్థిగా మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో మూడు వారాల శిక్షణకు వెళ్ళాను. 1955లో ప్రారంభమైన కేంద్రం, ఆరు యూనిట్లు, 120 మెగావాట్లు. పవర్ హౌసులో ఒక పెద్దాయన నన్ను మూడో యూనిట్ పక్కన నిలబెట్టి కళ్ళు మూసుకొమ్మన్నారు. “విను బాబూ, ఇది నిన్నటి గొంతు కాదు” అన్నారు. నాకు తేడా ఏమీ వినబడలేదు. మీటర్లన్నీ సవ్యంగా ఉన్నాయి. నాలుగు రోజుల తరువాత ఆ యూనిట్ బేరింగు ఉష్ణోగ్రత పెరిగి ఆపవలసి వచ్చింది. ఆయన చెవికి తెలిసినది మీటరుకు ఎందుకు తెలియలేదన్న ప్రశ్న నన్ను వదలక పదేళ్ళ తరువాత థీసిస్ అయింది. థీసిస్ పరీక్షకుల దగ్గరకు వెళ్ళి పద్నాలుగు నెలలు ఒక బల్ల మీద పడి ఉన్న కథ వేరు, అది మరోసారి.

ప్రశ్న: మాది బలిమెల. పన్నెండో తరగతి దాకా ఒడియా మాధ్యమం, ఇంట్లో తెలుగు. గేట్ స్కోరు వచ్చింది, పిహెచ్.డి. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఇంగ్లీషులో తడబడతాను. ఏం చేయను?

జవాబు: ఇంటర్వ్యూ బోర్డు మీ వ్యాకరణం చూడదు, సుద్దముక్క ఇచ్చి బోర్డు మీద గీయమంటుంది. గీస్తూ మాట్లాడటం సాధన చేయండి: సమాన సర్క్యూట్, ఫేజర్ చిత్రం, రెండు బస్సుల మధ్య విద్యుత్ ప్రవాహ సమీకరణం, ఈ మూడింటిని రోజూ గోడ ముందు నిలబడి, ముందు తెలుగులో, తరువాత చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలలో చెప్పుకోండి. తెలియనిదానికి తెలియదని ఒక్క మాటలో చెప్పి, తెలిసినంత వరకు ఎలా మొదలుపెడతారో చూపండి. మొదటి ప్రశ్న ఎక్కడి నుండి వచ్చారు అనే ఉంటుంది. అప్పుడు మీ ఊరి పవర్ హౌసు చెప్పండి: 60 మెగావాట్లవి ఆరు, 75వి రెండు, మొత్తం 510; జలాశయం నీటిలో ఒడిశా వాటా ఈ యూనిట్ల గుండా దిగుతుంది, ఆంధ్ర వాటా సీలేరు వైపు వెళుతుంది. ఆ తరువాతి ప్రశ్న గవర్నరు (టర్బైను వేగాన్ని అదుపు చేసే పరికరం) మీదో, టర్బైను మీదో వస్తుంది గనుక వెళ్ళేలోగా ఆ రెండూ చదువుకొని వెళ్ళండి.